ఇంజను చప్పుడు వద్దు

“ఇంజను చప్పుడు అస్సలుండకూడదు. అలాంటి పడవే కావాలి,” అంది అక్క, పడవలు అద్దెకిచ్చే ఆఫీసులో గోడమీది ఫొటోలు చూస్తూ.

“రేవు దాటేదాకా తప్పదండీ. తర్వాత ఇంజను ఆపేసి తెరచాపలెత్తుతాం. ఇక గాలిమీదే ప్రయాణం,” అన్నాడు కెప్టెన్.

“అందరం ఒకేచోట కూర్చోవచ్చా?”

“భేషుగ్గా!”

పక్కనే ఉన్న తమ్ముడు నవ్వాపుకున్నాడు. అక్క లైబ్రేరియన్. ఉద్యోగమంతా “ష్” అనడంతోనే గడిచింది. ఇంట్లోనూ అదే వరస. పిన్ని నోరు విప్పితే “ఆ రేడియో కట్టెయ్” అనేది. తమ్ముడు పాట అందుకుంటే తలుపేసుకునేది. చిన్నప్పుడే ఎడమ చెవి పోయింది కాబట్టి బతికిపోయాననీ, రెండూ పనిచేస్తే వీళ్లతో వేగలేకపోయేదాన్ననీ నలుగురిలోనూ అనేది. అలాంటి మనిషి ఇంటిల్లిపాదినీ పడవ షికారుకి పిలవడమే వింత.

“సముద్రాన్ని కూడా లైబ్రరీ చేసేస్తారు చూడండి,” అని తమ్ముడి చెవిలో ఊదింది అతని భార్య.

ఆ మాటతో తమ్ముడికి ఆలోచన తట్టింది. అమ్మ పోయాక తనని పెంచింది అక్కే. ఒక్కసారైనా ఆమెకి నచ్చే పని చెయ్యాలని అతని తపన. ఇంటికెళ్లగానే భార్యచేతా, పిన్నిచేతా ఒట్టేయించుకున్నాడు.

“పడవ దిగేదాకా ఎవరూ నోరు మెదపకూడదు.”

“దానికన్నా నన్ను సముద్రంలో తోసెయ్యరాదట్రా!” అంది పిన్ని. అయినా ఒప్పుకుంది.

షికారు రోజు అక్క పడవెక్కుతూ తూలింది. ఈమధ్య తల తిరుగుతోందంటూ తమ్ముడి భుజం పట్టుకుంది. పిన్నిని ఏరికోరి తన కుడిపక్కన కూర్చోబెట్టుకుంది. రేవు దాటాక ఇంజను ఆగింది, తెరచాపలు లేచాయి.

“ఊఁ, చెప్పు పిన్నీ,” అంది అక్క.

పిన్ని పెదాలు బిగించి నవ్వింది.

“పోనీ నువ్వో పాట పాడరా.”

తమ్ముడు పెదాలమీద వేలు పెట్టుకుని కన్ను గీటాడు. అక్క మొహమాటానికి అడుగుతోందనుకున్నాడు.

“ఏమైనా పోట్లాడుకున్నారా? ఒక్కరైనా మాట్లాడండర్రా!”

మరదలు నవ్వాపుకోలేక సముద్రం వైపు తిరిగింది. కాసేపటికి అక్క అడగడం మానేసి, కళ్లు మూసుకుని నీళ్ల చప్పుడు వింటూ కూర్చుంది. ఆమె ముఖంలో సంతోషం లేదని పిన్ని ఒక్కతే గమనించింది. ఒట్టు గుర్తొచ్చి ఊరుకుంది.

రేవులో దిగగానే తమ్ముడు ఆత్రంగా అక్క పక్కకి చేరాడు.

“ఎలా ఉందక్కా? నీ చెవికి ఒక్కరోజైనా విశ్రాంతి ఇద్దామని అందరిచేతా ఒట్టేయించా!”

అక్క అతని ముఖంలోకి చూసింది. “బాగుందిరా,” అని కళ్లు తుడుచుకుంది. గాలికేమో అనుకున్నాడు.

“వచ్చే ఏడు మళ్లీ వద్దాం. అప్పుడు మాత్రం మా గోల భరించాల్సిందే!”

అక్క కుడి చెవి మీద చెయ్యి వేసుకుంది.

“సోమవారం గడ్డ తీసే ఆపరేషన్‌తో ఇది కూడా పోతుందిరా.”