ఒక్క ‘ఊ’ కోసం

సేటు ఎర్ర స్పోర్ట్స్ కారు మళ్ళీ మొరాయించింది.

జపాన్ నుంచి ఓడలో దిగిన బండి. ఇద్దరు కూర్చుంటే నిండిపోతుంది. సూరత్ రోడ్ల మీద గేదెలు కూడా దానికి దారివ్వవు. అయినా వజ్రాల సేటుకు అదంటే ప్రాణం. దాన్ని పర్వత్ పాటియాలో పరమేశ్వర్ షెడ్డు దాకా తోలుకొచ్చిన డ్రైవర్ గణపతికి మాత్రం ప్రాణసంకటం.

షెడ్డువాళ్ళు తనలాగే తెలంగాణ వాళ్ళని తెలియగానే గణపతికి నోరు పెగిలింది.

"తొక్కితే ఉరుకుతలేదన్నా. గుంజుకుంట గుంజుకుంట పోతది. మీటర్ల దీపం ఎలుగుతనే ఉంటది. జర జల్ది చూడు, సేటు నా పానం తీస్తుండు."

పరమేశ్వర్ తల కూడా ఎత్తలేదు. బానెట్ కింద చిన్న డబ్బా మూత తీసి, లోపలి రెండు పిన్నులను ఒక వైరు ముక్కతో కలిపాడు.

"నాకు చెప్పన్నా. పని మీదుంటే ఆయన పలకడు" అన్నాడు షెడ్డులో భాగస్వామి గోపాల్. అంతా విని, కొత్త వైరు తెస్తానని సైకిలెక్కి వెళ్ళాడు.

పరమేశ్వర్ కారు తలుపు దగ్గర నేల మీద మోకాళ్ళూని, నడుము దాకా లోపలికి వంగి తాళం తిప్పాడు. మీటర్లో పసుపు దీపం మెరవసాగింది. నాలుగుసార్లు మెరిసి, కాస్త ఆగి, మళ్ళీ ఒకసారి. కొత్త రకం కార్లు తమ రోగం ఇలా దీపంతోనే చెప్పుకుంటాయి. ఆ లెక్క తప్పితే ఒక రోగానికి ఇంకో మందు వేసినట్టే. అందుకే అతను కళ్ళార్పకుండా చూస్తూ వేళ్ళు ముడుస్తున్నాడు.

అప్పుడు వచ్చింది ఊర్మిళ.

ఆటో అతన్ని ఉండమని చెప్పి, నిండు కడుపుతో మెల్లగా నడిచి వచ్చి, పరమేశ్వర్ వెనక నిలబడింది. టైరు మీద కూర్చున్న గణపతిని చూసి కొంగు సర్దుకుంది.

"బాపూ" అంది.

పరమేశ్వర్ దీపం మీది నుంచి చూపు తిప్పలేదు.

"మల్ల నా కంట పడకు అన్నవ్ గద ఆనాడు. పడను. గిట్లనే ఎనక నిలబడి చెప్పిపోత."

గణపతికి లేచి పోవాలో ఉండాలో తెలియలేదు. అన్నాల వేళ. పక్క సందులో మగ్గాలు ఆగి ఉన్నాయి. వద్దనుకున్నా ఆమె మాట ప్రతిదీ వినబడుతోంది.

"నీకు చెప్పకుండ కాఠియావాడి గుజరాతీ పిల్లగాన్ని చేసుకున్న. తప్పే. రెండేండ్లు దాటింది, ఆయన మంచిగనే చూసుకుంటుండు. గిప్పుడు నాకు ఎనిమిదో నెల." కొంగుతో ముఖం తుడుచుకుంది. "తొలి కాన్పు పుట్టింట్ల కావాలంటరు గద. అవ్వ లేకపాయె. నువ్వే నాకు జడేసి బడికి తోలినవ్. నాకు నీ ఇంటికే రావాలనుంది బాపూ."

పరమేశ్వర్ కింది వైర్ల కట్టలోంచి ఒక ముడి విప్పి, చొక్కా అంచుతో తుడుస్తున్నాడు.

"రేపు పొద్దున రైలుకు ఆయన నన్ను వాళ్ళూరికి తీస్కపోతుండు. భావ్‌నగర్ అవతల యాడనో. ఇగ ఈ దిక్కు రాము. నువ్వు రమ్మంటే మాత్రం నేను పోను."

పలకవయ్యా అని గణపతికి అరవాలనిపించింది. తండ్రీబిడ్డల మధ్య తనెవరు?

"తిడితే తిట్టు, పడత. మొఖం చూడకు, మాట్లాడకు. ఊ అను చాలు. ఒక్క ఊ అంటే సామాన్ తెచ్చుకుంట."

పరమేశ్వర్ వైరు బిగించి మళ్ళీ తాళం తిప్పాడు. నాలుగు మెరుపులు, ఒకటి. రోగం పోలేదు. అతను మెల్లగా తల అడ్డంగా ఊపాడు.

ఊర్మిళ చూసింది.

"మంచిది బాపూ" అంది. ఆ మాటతో పాటే ఏడుపు వచ్చేసింది. తండ్రిని ముట్టుకునే ధైర్యం లేదు. కడుపు పట్టుకుని కష్టంగా వంగి, అతని కాళ్ళ పక్కన నేలను తాకి కళ్ళకద్దుకుంది. వెళ్ళి ఆటో ఎక్కింది. సందు మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే ఉంది.

కాసేపటికి గోపాల్ వైరు చుట్టతో వచ్చాడు. గణపతి అతని మీద విరుచుకుపడ్డాడు.

"ఏం మనిషయ్యా మీ ఉస్తాదు? మనిషేనా, బండరాయా?"

"ఏందన్నా, ఏమైంది?"

"ఆయన బిడ్డ వచ్చింది. నిండు చూలాలు. కాన్పుకు రానియ్యమని ఏడ్సుకుంట బతిమిలాడింది. తిరిగి చూడలే. తల అడ్డం ఊపిండు. రేపు భావ్‌నగర్ దిక్కు పోతదట, ఇగ రాదట."

గోపాల్ చేతిలోని వైరు జారిపోయింది. రోడ్డు మీదికి పరుగెత్తాడు. అటూ ఇటూ చూశాడు. ఎన్నో ఆటోలు పోతున్నాయి. తిరిగి వచ్చేసరికి అతని ముఖం పాలిపోయి ఉంది.

పరమేశ్వర్ అప్పుడే కారులోంచి బయటికి వచ్చాడు. గోపాల్‌ను చూసి నవ్వాడు. రోగం దొరికిందన్నట్టు నాలుగు వేళ్ళు చూపి, తరువాత ఒకటి చూపాడు.

"గిరాకీ పోతదని ఇన్ని రోజులు ఎవ్వలకు చెప్పలే" అన్నాడు గోపాల్, గణపతి వైపు చూడకుండా.

"ప్లేగొచ్చి మనోళ్ళంత రైళ్ళెక్కి పారిపోతుంటె, బిడ్డ తిరిగొస్తే ఇంటికి తాళం కనబడొద్దని ఈయన ఒక్కడే గోడాదరా బస్తీల ఉండిపోయిండన్నా, అప్పుడొచ్చిన జ్వరానికి ఏసిన సూదులతోనే రెండు చెవులు పోయినయ్."