ఏరియేటర్లు ఆగాక

రొయ్యల చెరువు గట్టు మీది షెడ్డులో హర్షవర్మ ఒక్కడే కూర్చుని లాప్‌టాప్‌లో గేమ్ ఆడుతున్నాడు. బయట ఏరియేటర్లు నీళ్ళను చిలుకుతూ మోత పెడుతున్నాయి. చెరువు కాపలావాళ్ళకు ఆ మోతే జోలపాట. అది ఆగితే మాత్రం ఎంత మొద్దునిద్రలో ఉన్నవాడైనా దిగ్గున లేచి కూర్చుంటాడు. గాలి అందకపోతే రొయ్య బతకదు.

గేమ్‌కు ఏ సెట్టింగులు బాగుంటాయో చెప్పే గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్‌ను అతను ఆ సాయంత్రమే వేసుకున్నాడు. తెర మూలన దాని సలహా వెలిగింది.

"సౌండ్ తగ్గించండి. గదిలో ఒకరు నిద్రపోతున్నారు."

వర్మ వెనక్కి తిరిగి చూశాడు. మడతమంచం ఖాళీగా ఉంది. ఇంటికి ఫోన్ చేసి భార్య లావణ్యకు సంగతి చెప్పాడు.

"మైకు పర్మిషన్ కూడా ఇచ్చేశారా దానికి? చదవకుండా అన్నిటికీ ఓకే కొట్టేస్తారేంటండీ? ముందు అది ఆపేయండి."

అతను లాప్‌టాప్ మైకు ఆపేశాడు. "నా ఊపిరే విని అలా అనుకుని ఉంటుందిలే," అన్నాడు నవ్వబోతూ.

"మీ ఊపిరేంటండీ? మీ వెనకాల ఎవరో గురక పెడుతున్నారు కదా. నాకిక్కడికి వినబడుతోంది."

అతనికి ఏరియేటర్ల మోత తప్ప ఏమీ వినబడలేదు.

అంతలో కరెంటు పోయింది. ఏరియేటర్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. లేచి జనరేటర్ వేయాలి. వర్మ కుర్చీలోంచి కదల్లేదు.

"ఏవండీ," అంది లావణ్య మెల్లగా. "గురక ఆగింది."

వెనకాల మంచం కిర్రుమంది.