యాజమాన్యం ఆజ్ఞ

'ఇండియన్ లేబర్ వెనక తలుపు నుంచి రావాలి. చివరి మూడు వరసల్లోనే కూర్చోవాలి. యాజమాన్యం ఆజ్ఞ.'

థియేటర్ గుమ్మానికి వేలాడుతున్న బోర్డును లింబాద్రి ఒక్క గుక్కలో చదివేశాడు. ఒళ్లు మండిపోయింది.

సౌదీలోని తాయిఫ్‌లో పదకొండేళ్లుగా గోడలకు ప్లాస్టరింగ్ చేస్తున్నాడు. తెలుగు సంఘం ఈ శుక్రవారం హాలు తీసుకుని మన సినిమా వేయిస్తోందంటే, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అత్తరు పూసుకుని మరీ వచ్చాడు. వస్తే ఇదా మర్యాద!

"చూసినవా సారూ, ఈ అరబ్బోళ్ల బలుపు?" అన్నాడు, సంఘం కార్యదర్శి ప్రభాకర్‌తో. "మనం కడితేనే గదా వీళ్ల గోడలు లేసినయ్! గా గోడల నడుమ మనం కూసుంటే మైలవడతయా?"

ప్రభాకర్ లింబాద్రి కంపెనీలోనే ఆఫీసు మనిషి. సూటు వేసుకుని ముందు తలుపు దగ్గర నిలబడి, వచ్చినవాళ్లకు నమస్కారాలు పెడుతున్నాడు. లింబాద్రిని మాత్రం ఎగాదిగా చూశాడు.

"ఏం చేస్తామయ్యా? వాళ్ల దేశం, వాళ్ల హాలు. మన రంగు, మన వాసన వాళ్లకు గిట్టవు. మాలాంటి స్టాఫ్‌ని ఏదో పోనీలే అని ముందు కూర్చోనిస్తున్నారు. గొడవ చెయ్యకుండా వెనక్కెళ్లు."

"పోను. మేనేజర్‌నే అడుగుత."

"పిచ్చా నీకు? వాడు మనకు వీసా ఇచ్చిన కఫీల్‌కి ఒక్క ఫోన్ కొడితే నీ ఇకామా, ఇక్కడ ఉండే పర్మిట్టే గల్లంతు. రేపే విమానం ఎక్కిస్తారు. నీ కూతురి చదువు ఏమవుతుందో చూసుకో."

లింబాద్రి అడుగు ఆగింది. కూతురు నర్సింగ్ రెండో ఏడు. ఇంతలో, తలొంచుకుని వెనక తలుపు వైపు పోతున్న తన లేబర్ క్యాంపు మనుషులు కనబడ్డారు.

"థూ! గిదేం బతుకు?" అంటూ మేనేజర్ గదిలోకి దూసుకెళ్లాడు.

తనకొచ్చిన పనివాళ్ల అరబీలోనే ఆ అరబ్బును కడిగేశాడు. "మేం మనుషులం కామా? దమ్ముంటే బయటికొచ్చి, నువ్వు పెట్టిన బోర్డు నా మొహం మీద చదువు!"

మేనేజర్ లేచి అతని వెంట నడిచాడు.

ప్రభాకర్ పరుగెత్తుకొచ్చాడు. "సారీ సార్, సారీ! మర్యాద తెలియని మనిషి" అంటూ బోర్డుకు అడ్డంగా నిలబడ్డాడు. లింబాద్రికి అసహ్యం వేసింది. అరబ్బుకు ఇంత ఊడిగమా!

మేనేజర్ ప్రభాకర్‌ను పక్కకు జరిపి, బోర్డును కిందికీ పైకీ చూసి, "ముందు ఇందులో ఏముందో నువ్వే చదివి చెప్పు, ఈ గుండ్రటి అక్షరాలు ఏ భాషో నాకు తెలీదు" అన్నాడు.