సగం మాటకే పరుగు

వేసవి మొదట్లో తీతువు పిట్ట వాగొడ్డున నిలబడి అరిచింది. "రేపు పిడుగులతో గాలివాన! వాగు పొంగుతుంది!"

ఆ మాట చెవిన పడగానే కుందేలు పిల్లల్ని తీసుకుని బోడిగుట్ట ఎక్కేసింది. నత్త కూడా బయల్దేరింది గానీ, అది జానెడు కదిలేలోపే తీతువు మిగతాది చెప్పేసింది. "ఆ వెనకే పది రోజులు మాడు పగిలే ఎండలు!"

నత్త గుట్ట మాట మానుకుని, మెరక మీది రేగుపొదలో నీడకు చేరింది.

వాన వచ్చింది, పోయింది. మూడో నాటికి గుట్ట పెనంలా కాలింది. బొబ్బలెక్కిన కాళ్ళతో, సొమ్మసిల్లిన పిల్లలతో కుందేలు కిందికి దిగింది.

"ఎండల సంగతి ఒక్క ముక్క చెప్పొచ్చుగా అత్తా!" అని తీతువు మీద విరుచుకుపడింది.

"చెప్పాను. వినడానికి నువ్వుంటేగా?" అంది తీతువు.

మరుసటేడు తీతువు జాగ్రత్తపడి ఎండల సంగతే ముందు చెప్పింది. కుందేలు అంతవరకే విని, చల్లగా ఉంటుందని పిల్లలతో సహా వాగు ఇసుకలోకి దిగిపోయింది.

"ఎండలకు ముందు, రేపే గాలివాన!" అన్న రెండో మాట, చెవులే లేని నత్త ఒక్కటే విన్నది.