సూసూవాలా బాబా

“దాదీ, సూసూవాలా బాబా ఫిర్ ఆ గయే!”

మళ్లీ వచ్చాడంటూ వెన్నెల నానమ్మకి వేసిన కేకకి వీధిలో నలుగురూ నవ్వారు.

ఆరోగ్య సర్వే కోసం, ఉత్తరాది ఉక్కు ఊళ్లోని తెలుగువాళ్ల బస్తీ బర్మామైన్స్‌లో ఇంటింటికీ తిరిగి మూత్రం సీసాలు అడిగే ముసలాయనకి పిల్లలు పెట్టిన పేరది. అసలు పేరు ఎవరూ అడగలేదు.

ముసలాయన వెన్నెల అరచేతులు తిప్పి చూశాడు. చర్మం గరుకుగా, కాయలు కాసినట్టుంది.

“రేపు పొద్దున్నే ఈ పాప మూత్రం ఇందులో పట్టి ఉంచండమ్మా.”

“నా మనవరాలి ఉచ్చతో నీకేటి పని బాబూ?” అంది వరహాలు.

“మీ బోరు నీళ్లలో ఆర్సెనిక్ ఉంది. విషం. పిల్లల ఒంట్లోకి చేరిందని రుజువైతే బోరు మూసేసి కుళాయి వేయిస్తారు.”

వరహాలు మొగుడు తవిటయ్య విసురుగా లేచాడు.

“మూసెయ్యడం రేపే అవుద్ది. కుళాయి ఎప్పుడొత్తదో భగవాన్ జానే! అందాకా ఏటి తాగాల? నీ సీసాలు తాగాలా?”

మళ్లీ నవ్వులు.

“ఈ బోరు ఏయించినోడు దేవుడు. పెళ్లాం పోతే ఆవిడ పేరున ఏయించాడు. నువ్వెవరివి మూయించడానికి?” అంటూ వరహాలు బోరు దిమ్మెకి దండం పెట్టింది.

ఆ దిమ్మె మీద చెక్కిన రెండు పేర్లకి పసుపు రాసి మొక్కనిదే ఆమె మొదటి బిందె పట్టదు.

ముసలాయన ఆ పేర్ల వైపు చూసి, చప్పున తల తిప్పుకున్నాడు. సీసా గుమ్మంలో పెట్టి వెళ్లిపోయాడు.

“ఇచ్చీదాం,” కన్ను కొట్టాడు తవిటయ్య. “మనదే ఇవ్వాలని ఎక్కడుంది? నౌకరీలో మెడికల్‌కి సుగరున్నోళ్లం ఏటి సేసేవోళ్లం? పక్కోడిది పట్టుకెళ్లి ఇచ్చీలేదా!”

తెల్లారగానే భాలుబాసాలో చెల్లెలి ఇంటికి సైకిలు తొక్కాడు. అక్కడ కుళాయి నీళ్లు. మేనల్లుడు మోహిత్ నవ్వుతూ సీసా నింపిచ్చాడు.

వీధిలో మిగతావాళ్లూ అదే ఉపాయం పట్టుకున్నారు.

రిపోర్టు వచ్చింది. వీధంతా క్లీన్. బోరు నిలిచింది. జిలేబీలు పంచుకున్నారు.

సర్వేవాళ్లు సర్దుకుని వెళ్లిపోయారు. ముసలాయన మాత్రం మళ్లీ వచ్చాడు.

“ఎక్కడో తప్పు జరిగింది. పాప చేతులు చూడండి. ఇంకొక్కసారి ఇవ్వండమ్మా.”

“రిపోర్టు క్లీన్ గదా! బోరు మీద నీకేటి పగ?”

“వేయించినవాడే వచ్చి మూసెయ్యమంటే?”

“ఆయనొచ్చి సెప్పినా ఇనం! చల్, హట్!”

వరహాలు బిందెడు నీళ్లు ఆయన మీద కుమ్మరించింది.

ఆయన దిమ్మె మీదకి చిందిన బురదని కండువాతో తుడిచి, తడిబట్టలతోనే నడిచి వెళ్లిపోయాడు.

మళ్లీ రాలేదు.

వానలు వెనకపట్టేసరికి వెన్నెల కాళ్లు తిమ్మిరెక్కి, నడక పోయింది. ఆసుపత్రిలో మూత్రం అడిగారు. ఈసారి సీసాలో ఉన్నది వెన్నెలదే.

“ఒంటి నిండా ఆర్సెనిక్. చాలా ఆలస్యం చేశారు. మీ వీధి సర్వేలో బాగుందని ఎలా వచ్చింది?” అన్నాడు డాక్టరు.



తవిటయ్య అటునుంచి అటే సర్వే ఆఫీసుకి వెళ్లాడు.

“ఆ ముసలాయన్ని పిలవండమ్మా. కాళ్లు పట్టుకుంతాను. ఆ బోరు మూయించీమనండి.”

అక్కడి నర్సు సింధు రాస్తున్న రిజిస్టరు మూసేసింది.

“ఆయన పోయిన నెల చనిపోయారండీ. మా ఉద్యోగి కాదు. జీతం వద్దని, మీ వీధే కావాలని అడిగి మరీ వచ్చేవారు. చివరి రోజు కూడా ఆ బోరు మాటే.”

“ఆయన పేరేటమ్మా?” మొదటిసారి అడిగాడు తవిటయ్య.

“అనంతకృష్ణ.”

బోరు దిమ్మె మీద ‘జానకీదేవి జ్ఞాపకార్థం’ అన్న అక్షరాల కింద, వరహాలు ఆ ఉదయం కూడా పసుపు రాసి మొక్కిన పేరు అదే.