కొర్రమీను ఫొటో సరదా

ఒక దీవిలో పెద్ద జలాశయం ఉండేది. అక్కడికి సరదాగా గాలం వేయడానికి వచ్చేవాళ్లు చేపను పట్టి, దానితో ఫొటో దిగి, మళ్లీ నీళ్లలో వదిలేసేవారు. అలా రెండుసార్లు ఫొటోకెక్కిన కొర్రమీను సింగన్నకు కళ్లు నెత్తికెక్కాయి.

"గాలం కనబడితే పారిపోవాలిరా," అన్నాడు తాబేలు మామ.

"నీ మొహం ఎవరూ ఫొటో తీయరని కుళ్లు, మామా!" అంటూ సింగన్న ఎదురుగా ఊగుతున్న ఎరను కరిచాడు.

పైకి రాగానే పొట్ట ఉబ్బించి, మొహం ఓ పక్కకు తిప్పి ఎదురుచూశాడు. కెమెరా జాడ లేదు. గాలం వేసినాయన ఒడ్డున పొయ్యి రాజేస్తున్న భార్యకు కేకేశాడు: "ఏమేవ్, చింతపండు నానబెట్టు!"

సింగన్న ప్రాణభయంతో గింజుకుని, పెదవి చీల్చుకుని, నీళ్లలో దబ్బున పడ్డాడు.

"ఫొటో బాగా వచ్చిందా అల్లుడూ?" అడిగాడు మామ.

"వెలుతురు సరిపోలేదు మామా," అన్నాడు సింగన్న, చీలిన పెదవిని నాచు చాటున దాచుకుంటూ.