మూడో పంపు

పెద్దాయన కారు ఇంజనుకు పెట్రోలు అందించే పంపును దుకాణం బల్ల మీద ఠంగున పెట్టాడు.

“ఇదీ సరిపోలేదయ్యా! మీట పొట్టిది, లోపలిదాకా అందడం లేదు. నా కారు పాతదైతే నీ కళ్లూ పాతబడ్డాయా?”

“పొరపాటైంది సార్,” అంటూ దుకాణదారు తలొంచుకుని అలమరలోంచి మరొకటి తీశాడు. “దీని మీట కొలిచి చూసుకోండి.”

కొలిచేసరికి పెద్దాయన మొహం విప్పారింది. “పంపంటే ఇదీ! రేపు పొద్దున్నే లేచి బిగిస్తాను.” పంపు చంకలో పెట్టుకుని గబగబా మెట్లు దిగాడు.

అతని భార్య అక్కడే ఆగిపోయింది. “తమ్ముడూ, ఇది పనిచేస్తుందా?”

“చెయ్యదక్కా. పెట్రోలు ఇంజను దాకా ఎక్కించే బలం దీనికి లేదు. ఆ సంగతి బిగించాక గానీ తెలియదు.” అసలైన పంపు అతని కాళ్ల దగ్గర సొరుగులోనే ఉంది.

ఆమె రెండు చేతులూ జోడించింది. “కారు పని ఉంటేనే ఆయన మంచం దిగుతున్నారు. కిందటిసారి అది బాగైన రోజే, షెడ్డు తలుపులు లోపల గడియపెట్టుకుని, ఇంజను ఆపకుండా ఆ పొగలోనే కూర్చున్నారు. తలుపులు పగలగొట్టకపోతే దక్కేవారు కాదు.”

బయట నుంచి కేక వినిపించింది. “ఇంకా ఏం కబుర్లే? రా, బోలెడు పనుంది!”